వెలుగు పడిన చోటి వేడి

అక్టోబర్ 6, సోమవారం

పాలు లీటరు. మోకాలికి మందు రాశాను. కరెంటు మీటరు చూశాను, పోయిన నెలకన్నా ఎక్కువే తిరిగింది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే తిరగదా మరి. పిల్లకి చెప్పాను.

సైన్సు పత్రిక నుంచి జవాబు వచ్చింది. మనవరాలి వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరిలో మొదటాయన మెచ్చుకున్నాడు. రెండో ఆయన ఒక్క ప్రశ్న వేశాడు. అది చదివిన దగ్గర్నుంచీ ఇంట్లో మాట లేదు.

"ఏమిటే ఆ ప్రశ్న?"

"చిన్న డౌట్ అమ్మమ్మా."

"చిన్నదైతే చెప్పడానికేం?"

"చెప్తే పెద్దదవుతుంది."

ఎనిమిదింటికి భోజనం. ఇద్దరం తిన్నాం. తను తిందనడం కన్నా కంచంతో కాలక్షేపం చేసిందనడం నిజం. భోజనమయ్యాక చక్కెర జబ్బు మాత్ర వేసుకున్నాను.

అక్టోబర్ 7, మంగళవారం

నాకు తెలిసిందాన్ని కాగితం మీద పెడితే గాని తెలిసినట్టు కాదు. బడిలో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల నాటి అలవాటు.

స్ఫటికంలో పరమాణువులు వరసలు వరసలుగా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లిక పేరు జాలకం. అది కదలకుండా ఉండదు, స్ప్రింగులతో కట్టినట్టు వణుకుతూ ఉంటుంది. చల్లబరిచే కొద్దీ వణుకు బిగుస్తుంది. వేగం కొంచెం పెరిగి, ఇక పెరగక, గ్రాఫులో గీత చదునుగా సాగుతుంది. ఇంతవరకు నేను చెప్పిన పాఠానికి కూతవేటు దూరమే.

ఇక ఎలక్ట్రాన్ల సంగతి. ఒక్కోదానికి స్పిన్ అనే గుణం ఉంటుంది, దాని మూలాన అది చిన్న అయస్కాంతంలా ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపూ ఎవరి దిక్కు వారిదే. బాగా చల్లబరిస్తే ఒకానొక డిగ్రీ దగ్గర అన్నీ సర్దుకుంటాయి. ఒకటి పైకి, పక్కది కిందికి, వరసగా. ఆ స్పిన్‌ల మధ్య పొత్తు పరమాణువుల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. వణికితే ఆ దూరం మారుతుంది, దూరం మారితే పొత్తూ మారుతుంది. అందుకని స్పిన్‌లు సర్దుకోగానే వణుకు కూడా మారిపోతుంది. చదునుగా పోవలసిన గీత అక్కడ వంగుతుంది.

ఈ పొత్తు ఏమిటే అని మొదటి ఏడాదే అడిగాను. "ఒకే మంచం మీద ఇద్దరు పడుకున్నట్టమ్మమ్మా. ఒకళ్ళు అటు తిరిగితే రెండోవాళ్ళకి తెలియకుండా ఉంటుందా?" అంది.

ఆ వంపే పిల్ల ఐదేళ్ళ పీహెచ్‌డీ పని. స్ఫటికాన్ని చల్లబరిచి, మీద లేజర్ వెలుగు వేసి, చెదిరి వచ్చిన వెలుగులో వణుకు ఎంతో చూస్తుంది. అయస్కాంతపు కొలత ప్రకారం ఆ స్ఫటికంలో స్పిన్‌లు సర్దుకునేది కెల్విన్ లెక్కలో అరవై ఒకటి దగ్గర. పిల్ల గీత వంగింది యాభై నాలుగు దగ్గర. ఏడు డిగ్రీలు ఆలస్యం. స్పిన్‌లు సర్దుకున్న సంగతి జాలకానికి ఆలస్యంగా తెలుస్తోందని, ఇలాంటిది ఎవరూ చూడలేదని వ్యాసంలో రాశారు. నేను మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పాను. మూడో అంతస్తు కుట్టుపని ఆవిడ, పాపం, రెండుసార్లు విన్నది.

అక్టోబర్ 9, గురువారం

ప్రశ్న చెప్పింది. "మీ లేజర్ వల్ల స్ఫటికం ఎంత వేడెక్కిందో కొలిచారా?"

కొలవలేదు.

థర్మామీటరు ఉన్నది స్ఫటికాన్ని అంటించిన రాగి దిమ్మకు. వెలుగు పడేది స్ఫటికం మీద, వెంట్రుక కన్నా సన్నటి చోట.

"జ్వరం ఒకళ్ళకైతే థర్మామీటరు ఇంకొకళ్ళ చంకలో పెట్టినట్టు" అంది పిల్ల. నవ్వుతూనే అంది.

అంటే రాగి దిమ్మ యాభై నాలుగు అని చెబుతున్నప్పుడు ఆ చోట నిజంగా అరవై ఒకటి ఉండి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం లేదు, కొత్త సంగతీ లేదు.

ఉండవచ్చు అన్నాను. ఉందని ఎవరూ తేల్చలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

కూతురు ఫోన్ చేసింది. క్షేమసమాచారాలు అరనిమిషంలో అయిపోయాయి.

"ముప్పై ఒకటిన పీహెచ్‌డీ కమిటీ అటగా. వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నట్టు ఉత్తరం ఉంటే ఆరు నెలలు గడువు ఇస్తారు, లేకపోతే పేరు తీసేస్తారు. అంతేగా?"

"అంతే."

"ఉత్తరం వస్తుందా?"

"వస్తుంది."

"అమ్మా, ఐదేళ్ళ కిందట దీన్ని ఉద్యోగంలో చేరుస్తానంటే 'నా దగ్గర ఉంచు, నేను పూర్తి చేయిస్తా' అన్నావు. గుర్తుందా?"

"నాకు మతిమరుపు ఇంకా రాలేదే."

"దాని మాట కాదమ్మా నేను నమ్మింది. నీ మాట."

ఫోన్ పెట్టేశాక పిల్ల గది తలుపు వైపు చూశాను. లైటు వెలుగుతోంది. ఎంతవరకు వచ్చిందని అడిగాను. అడిగాను, అంతే.

అక్టోబర్ 15, బుధవారం

ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించాను. 'వేడెక్కడం స్వల్పమని మా అంచనా' అని ఒక వాక్యం. అబద్ధం కాదు. అంచనా అంటే అంచనాయే. ఎవరి అంచనా వాళ్ళది.

అలా రాసెయ్యమంటే పిల్ల చపాతీ కర్రలా బిగుసుకుపోయింది.

"అమ్మమ్మా, జవాబు కరెక్టే అయినా యూనిట్ రాయకపోతే సున్నా వేసేదానివట కదా?"

"ఎవరు చెప్పారు?"

"అమ్మ. తనక్కూడా వేశావట."

"వేశాను. మళ్ళీ మర్చిపోయిందేమో అడుగు."

"మరి నన్ను అంచనా రాయమంటావేం?"

ముప్పై ఒకటి దగ్గర పడుతోంది కనుక అన్నాను. చెప్పినంత సేపూ గొంతు నాదిలా లేదు. జలుబు చేసి ఉంటుంది. ఇంట్లో తులసి లేదు, వేడినీళ్ళు తాగాను.

అక్టోబర్ 16, గురువారం

పొద్దున అడిగాను. సాయంత్రం అడిగాను. అడగడం కూడా తప్పేనా?

అక్టోబర్ 17, శుక్రవారం

పిల్ల బల్లమీద కూర్చుని అదే గ్రాఫు చూస్తోంది. నేను వెనకాల నిలబడితే కాగితం తిప్పేసింది. ఈ ఇంట్లో నా కళ్ళకి కాగితం తిప్పేసిన వాళ్ళు ఇంతవరకు లేరు.

వాళ్ళ సార్‌ని కలవాలి. ఇలాంటి కొలత దగ్గరుండి చూసుకోవలసింది ఆయన. సోమవారం పిల్ల వేరే విభాగానికి స్ఫటికాలు తేవడానికి వెళుతుందట. ఆ రోజే వెళతాను.

అక్టోబర్ 20, సోమవారం

వెళ్ళాను. నేలకింది గది. మెట్లకి చేతికర్ర అవసరమైంది. లోపల నల్ల పరదాలు, మధ్యలో ఒక ఇనుప బల్ల. బల్ల కాళ్ళు గాలి మీద తేలుతూ ఉంటాయట, వీధిలో బండి పోయినా కదలకుండా. పంపు ఒకటి గురక పెట్టినట్టు చప్పుడు చేస్తోంది. చలికి శాలువా కప్పుకున్నాను.

జులపాల అబ్బాయి ఒకడు ఎదురొచ్చాడు. ఫలానా ఆమె అమ్మమ్మని అన్నాను.

"ఓ, ఎనిమిది గంటల అమ్మమ్మగారా!" అన్నాడు. అని నాలిక కరుచుకుని పరదా వెనక్కి పోయాడు.

సార్ కుర్చీ వేశారు. కాఫీ తెప్పించారు. నేను కాఫీ ముట్టకుండానే మొదలుపెట్టాను.

"థర్మామీటరు ఎక్కడుందో చూడకుండా వ్యాసం పంపించారు. చిన్నపిల్ల, తెలియక చేసింది. పెద్దవారు మీరు చూసుకోవద్దా?"

"చూసుకోవాలమ్మా. తప్పు నాదే. వంపు అందంగా వచ్చింది. అందంగా వచ్చినదాన్ని అనుమానించ బుద్ధెయ్యలేదు."

ఒప్పుకున్న మనిషితో పోట్లాడడం కష్టం. కాఫీ తాగాను.

"తెలియకేం కాదు లెండి" అన్నారు. "మొదటి ఏడాది తను చాలా తక్కువ వెలుగుతోనే కొలిచేది. తక్కువ వెలుగైతే చెదిరి వచ్చేది కూడా తక్కువ. ఒక్కో డిగ్రీ దగ్గర గంట పైన పడుతుంది. ఒకసారి చల్లబరచడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు, తెల్లారిపోతుంది. అదే వెలుగు పది రెట్లు పెంచామనుకోండి, సాయంత్రానికి అయిపోతుంది."

"తెల్లారితే ఏం? మీ దగ్గర రాత్రిళ్ళు ఎవరూ పనిచెయ్యరా?"

"అందరూ చేస్తారు." ఆయన నా వైపు కాక కాఫీ కప్పు వైపు చూశారు. "ఎందుకమ్మా పవర్ పెంచావు అంటే, 'ఎనిమిదింటికి నేను ఇంట్లో లేకపోతే అమ్మమ్మ తినదు సార్. తినకపోతే మాత్ర వేసుకోదు' అంది. ఏదో ఇంటి విషయం అనుకుని నేనూ వదిలేశాను."

పంపు చప్పుడు చేస్తూనే ఉంది.

వస్తానన్నాను. జులపాల అబ్బాయి మెట్ల దాకా చెయ్యి పట్టుకుని దిగబెట్టాడు. దిగబెట్టడం కాదు, ఎక్కించాడు. నేలకింది గది కదా.

అక్టోబర్ 21, మంగళవారం

ఇంటికి ఒక పద్ధతి ఉండాలి. వేళకు తినడం ఆరోగ్యం. నేను ఎవరినీ రావద్దనలేదు, ఉండవద్దనలేదు. నాకు ఒంటరిగా ముద్ద దిగదు, అంతే. అది పద్ధతి కాదు, అలవాటు. అలవాటుకు ఎవర్నీ తప్పు పట్టలేం.

పాలు లీటరు.

అక్టోబర్ 22, బుధవారం

పాలు లీటరు. నిన్నటివి మిగిలాయి.

అక్టోబర్ 23, గురువారం

కూర తరుగుతూ చెప్పాను, తల ఎత్తకుండా.

"రాత్రి కొలత పెట్టుకో. తక్కువ వెలుగుతో."

పిల్ల గుమ్మంలోనే ఆగింది. "నువ్వు ల్యాబ్‌కి వెళ్ళావు కదూ?"

"వెళ్ళాను. కాఫీలో పంచదార వేశారు. చక్కెర జబ్బు మనిషికి."

"సార్ ఏం చెప్పారు?"

"థర్మామీటరు గురించి చెప్పారు."

పిల్ల వచ్చి బీన్స్ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

"మరి నువ్వు?" అంది.

"ఎనిమిదింటికి తింటాను. మాత్ర వేసుకుంటాను. నేనేమన్నా పాలుతాగే పిల్లనా?"

"నిజంగా తింటావా?"

"నేనెప్పుడైనా అబద్ధం ఆడానటే?"

అక్టోబర్ 24, శుక్రవారం

పిల్ల మధ్యాహ్నమే వెళ్ళింది. డబ్బా కట్టి ఇచ్చాను.

ఎనిమిదింటికి తిన్నాను. మాత్ర వేసుకున్నాను.

అక్టోబర్ 25, శనివారం

పొద్దున వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడింది. చెప్పులు నేను విప్పాను. వాటికి పట్టిన దుమ్ము దులిపాను. నిద్రలో కూడా నుదురు ముడిచే ఉంది.

రాత్రి కూర గిన్నె నిండా ఉంది. పారబోయడమెందుకని వేడిచేసి మధ్యాహ్నం పెట్టాను. నాకు కళ్ళు తిరిగినట్టుంది, ఎండ వల్ల.

ఏమైందని అడగలేదు.

అక్టోబర్ 27, సోమవారం

ఒకసారి చూసింది చాలదు, ఇంకా తక్కువ వెలుగుతో మరోసారి చూడాలంది. వెళ్ళింది.

ఎనిమిదింటికి తిన్నాను. మాత్ర వేసుకున్నాను.

అక్టోబర్ 28, మంగళవారం

పిల్ల మధ్యాహ్నం లేచి, వంటింట్లో నేలమీద నా ఎదురుగా కూర్చుంది. నేను బియ్యం ఏరుతున్నాను.

"అడగవేం?" అంది.

"ఏమిటి?"

"ఏదో ఒకటి. రెండు వారాలుగా పొద్దుటా సాయంత్రం అడిగి, ఇప్పుడు నోరు మూసుకుంటే భయమేస్తోంది."

నేను రాళ్ళు ఏరాను. తనే చెప్పింది.

వెలుగు తగ్గించే కొద్దీ వంపు పైకి జరిగింది. యాభై నాలుగు నుంచి యాభై తొమ్మిదికి. ఇంకా తగ్గిస్తే అరవై ఒకటికి వెంట్రుకవాసి కింద. అక్కడే స్పిన్‌లు సర్దుకునేది. జాలకానికి ఆలస్యంగా ఏమీ తెలియలేదు. స్పిన్‌లు కదిలిన క్షణంలోనే తెలిసింది. ఏడు డిగ్రీలూ మన వెలుగు వేడి.

"పోయింది అమ్మమ్మా. పేపర్ మొత్తం ఆ ఏడు డిగ్రీల మీదే నిలబడింది."

"వంపు కూడా పోయిందా?"

తల ఎత్తింది. "లేదు. వంపు ఉంది. ముందుకన్నా పదునుగా ఉంది. స్పిన్‌కీ వణుక్కీ పొత్తు ఎంత బలమో ఇప్పుడు సరిగ్గా లెక్క కట్టొచ్చు. కానీ అది కొత్తేం కాదు. ఇంకో నాలుగు స్ఫటికాల్లో ఎవరెవరో చూసిందే."

"మరి?"

"వెనక్కి తీసుకుంటానని పత్రికకి రాసేశాను. సార్ కూడా సంతకం పెట్టారు." మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది. "నువ్వు తిడతావనుకున్నా."

"బియ్యం అయ్యాక తిడతాను. కాస్త అటు జరుగు, వెలుతురుకి అడ్డం."

జరిగింది. ఏడ్చింది. బియ్యం అయినా తిట్టలేదు.

అక్టోబర్ 29, బుధవారం

కూతురికి నేనే ఫోన్ చేశాను. వ్యాసం వెనక్కి తీసుకున్నారని చెప్పాను.

"అయితే నీ మాట?"

"నేను చేయిస్తానన్నాను. అక్కడే తప్పింది. ఇందులో నేను చేయించేదేమీ లేదు. పిల్లే చేస్తోంది."

"పేరు తీసేస్తే?"

"నీ దగ్గరికి పంపిస్తాను. ఉద్యోగంలో చేరుతుంది. తప్పు లెక్క పట్టుకుని మాత్రం రాదు."

"నువ్వేనా మాట్లాడేది?" అంది. మళ్ళీ, "నీ ఒంట్లో ఎలా ఉంది?" అంది. అది అడిగి చాలా కాలమైంది. బాగానే ఉందన్నాను.

అక్టోబర్ 31, శుక్రవారం

పొద్దున పిల్ల ఇస్త్రీ బట్టలు వేసుకుంది. జడ నన్నే వేయమంది. గట్టిగా లాగానేమో, అరిచింది. కమిటీ నాలుగు గంటలకు. ఆ తర్వాత ఎంతసేపవుతుందో తెలియదంది.

ఎనిమిదింటికి తిన్నాను. మాత్ర వేసుకున్నాను.

అదే తేదీ, తర్వాత

తొమ్మిదికి వచ్చింది. తలుపు తీయగానే మొహం చూశాను. మొహంలో ఏమీ దొరకలేదు. చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది.

ఐదుగురు కూర్చున్నారట. "వ్యాసం లేదు కదా, నీ దగ్గర కొత్తగా ఏముంది?" అన్నాడట ఒకాయన. "కొత్తగా ఏమీ లేదు సార్. ఉన్నది మాత్రం సరిగ్గా ఉంది" అందట ఇది. ఒకే కాగితం చూపించిందట. వెలుగు ఎంత ఉంటే వంపు ఎక్కడ కనబడిందో, వెలుగే లేకపోతే ఎక్కడ ఉంటుందో. తన తప్పు కొలత కూడా అందులోనే, ఎర్ర చుక్కతో. సార్ లేచి ఆ ఎర్ర చుక్క తనది కూడా అన్నారట. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఒక్క కాగితం నమ్మొచ్చు" అన్నాడట.

ఆరు నెలలు ఇచ్చారు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా అడగనని రాయించుకున్నారు.

"అమ్మకి చెప్పావా?"

"చెప్పా. 'అమ్మమ్మ తిందా?' అని అడిగింది. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు. తర్వాత చప్పుడు లేదు. మాత్రల అట్ట చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"పొద్దున బోర్లించిన కంచం బోర్లించినట్టే ఉంది. కూర గిన్నెలో గరిట పడలేదు. ఇందులో ఉండాల్సిన వాటికన్నా మూడు మాత్రలు ఎక్కువున్నాయి. ఒకటి ఈరోజుది. మిగతా రెండూ ఏ రోజులవో చెప్పనా, నువ్వే చెప్తావా?"

నేను కళ్ళజోడు వెతుక్కున్నాను. అది మొహం మీదే ఉంది.

"ఎనిమిదింటికి తిన్నాను అన్నావే, దానికి యూనిట్ ఏమిటి అమ్మమ్మా?"

"నోరు ముయ్యవే."

"నువ్వు తినకుండా కూర్చుంటే మళ్ళీ పవర్ పెంచేస్తా. సాయంత్రానికల్లా ఇంటికొస్తా. పోతే పోతాయి ఆరు నెలలు."

"వడ్డించు" అన్నాను.

రెండు కంచాలు పెట్టింది. ఆకలి వేసింది. ఇన్నాళ్ళూ వేయలేదని కాదు.

సవరణ: 24న, 27న, ఈరోజు పైన రాసినవి మూడూ తప్పు. ఎనిమిదింటికి తినలేదు. మాత్ర వేసుకోలేదు. ఎర్ర సిరాతో కొట్టేశాను, కింద అక్షరాలు కనబడేలా.

తిన్నది తొమ్మిదిన్నరకి. మాత్ర వేసుకున్నాను, పిల్ల చూస్తుండగా.

సోమవారం రాత్రి మళ్ళీ కొలత ఉందట. ఆ రోజు ఏం రాస్తానో ఇప్పుడే రాయను.